కొడవలి : శబ్దార్థవిచారము

కొడవలి యను పదమునకు వ్యుత్పత్తి యేమని యడిగినచో మన పాఠశాలలలో సాధారణముగా వినవచ్చు సమాధానములు మూఁడు. కోయునది గావునఁ గొడవలి యైనదని కొందఱందురు. కుఠారశబ్దమునకుఁ దద్భవమని కొందఱందురు. ఇది యచ్చతెనుఁగు రూఢిపదము, దీనికి వ్యుత్పత్తి విచారింపఁ బనిలేదని మఱికొందఱందురు. మొదటి రెండును వర్ణపరిణామమునకు విరుద్ధములనియు, మూఁడవది విచారమును మానుకొనుటయే కాని విచారఫలము కాదనియు నీ వ్యాసమునఁ జూపఁదలఁచితిని. కొడవలి రూఢిపదము కాదు. అవయవార్థము గల సమాసము. ఆ యవయవములలో నొకటి మన వ్యవహారమునుండి తొలఁగినది. రెండవది కావ్యములలో మాత్రము మిగిలినది. సమాసము మాత్రము కర్షకుని చేతిలో నేఁటికిని జీవించియున్నది.

శబ్దమునకు మూలము చెప్పునపుడు మూఁడు సాక్ష్యములు కూడవలెను. వర్ణములు మాఱిన తీరు నియమబద్ధముగ నుండవలెను. సోదరభాషలలోని రూపములు దానికి ననుకూలింపవలెను. ఆ శబ్దముచేఁ జెప్పఁబడు వస్తువుయొక్క స్వరూపము దానిని సమర్థింపవలెను. ఈ మూఁటిలో నొక్కటి తప్పినను వ్యుత్పత్తి చమత్కారమగును గాని ప్రమాణము కాదు.

సంస్కృతమున నీ పనిముట్టునకు వాడుకలో నున్న పేర్లు ప్రధానముగా రెండు: దాత్రము, లవిత్రము. అమరసింహుఁడు వైశ్యవర్గమున నీ రెంటిని బర్యాయములుగాఁ బఠించెను. లవనార్థకమగు దాప్ ధాతువునకుఁ గరణార్థమున ష్ట్రన్ ప్రత్యయమును పాణిని తృతీయాధ్యాయ ద్వితీయపాదమున 182వ సూత్రముచే విధించెను; దాత్రము సిద్ధించినది. ఛేదనార్థకమగు లూఞ్ ధాతువునకు 184వ సూత్రముచే ఇత్రప్రత్యయము వచ్చి లవిత్రమైనది. నేత్రము, శస్త్రము మొదటి సూత్రమునకును, ఖనిత్రము రెండవ సూత్రమునకును జెందినవి. ఈ పేర్లన్నియుఁ గ్రియనుబట్టి పుట్టినవి. దేనిచేఁ గోయుదుమో యది దాత్రము. దేనిచేఁ ద్రవ్వుదుమో యది ఖనిత్రము. పనిముట్టును సంస్కృతము చూచిన చూపు కరణకారకపు చూపు.

దాత్రశబ్దము మిక్కిలి ప్రాచీనము. ఋగ్వేదాష్టమమండలమందే యిది కర్షకుని చేతి పనిముట్టు పేరుగాఁ గానవచ్చుచున్నది. దశమమండలమున సృణియను మఱియొక పేరును గలదు. అయినను శాస్త్రచరిత్రయం దీ దాత్రమునకుఁ గలిగిన ప్రసిద్ధి వేఱొక కారణముచేతఁ గలిగినది. ఒకే ధాతువు ఒక దేశమునఁ గ్రియారూపమునను, వేఱొక దేశమున నామరూపమునను వాడఁబడునని చెప్పుచు యాస్కుఁడు నిరుక్తద్వితీయాధ్యాయమున నుదాహరణముగా దీనినే గైకొనెను. కోయుట యను నర్థమున నా క్రియను ప్రాచ్యులు వాడుదురనియు, దాత్రమను నామమును ఉదీచ్యులు వాడుదురనియు నాతఁడు చెప్పెను. పతంజలి మహాభాష్యపస్పశాహ్నికమున శబ్దప్రయోగవిషయము విశాలమని నిరూపించుచు నీ యుదాహరణమునే తిరిగి చూపెను. మన శాస్త్రకర్తలలో నగ్రగణ్యు లిరువురు దేశభేదముచే శబ్దము భేదించునను గంభీరవిషయమును బోధించుటకుఁ బంటకోయు పనిముట్టు పేరును జేపట్టిరి. పొలములోని మాట శాస్త్రవిచారమునకుఁ దగదను భావము వారికి లేదు.

దాత్రము ఉత్తరదేశభాషలలో నేఁటికిని సంతానముగలది. పంజాబీలో కొడవలిని దాత్రీ యందురు. వంగభాషలో నఱకు కత్తికి దా యని పేరు. తెలుఁగువారు ఈ పనిముట్టుపేరును సంస్కృతప్రాకృతములనుండి గ్రహించియున్నచో దాత్రమునుండి దిగిన యే రూపమైనను మన పల్లెలలో వినఁబడవలసియుండును. అట్టి దేదియును వినఁబడదు. నిఘంటువులం దున్న దాత్రము తత్సమము. అది పద్యమునఁ జేరినది గాని పొలమునఁ జేరలేదు.

ఇఁక కోయునది కొడవలి యను పక్షమును విచారింతము. కోయుధాతువు మనకును దమిళులకును సమానము, వారిది కొయ్. మనకు దీనినుండి కోఁత, కోయించు మున్నగు రూపములు పుట్టినవి. వీనిలో నెందును యకారము డకారముగా మాఱలేదు. చేయునుండి చేఁత, మేయునుండి మేఁత, వ్రాయునుండి వ్రాఁత వచ్చినట్లే కోయునుండి కోఁత వచ్చినది. చేయునుండి 'చెడ' యనియు, మేయునుండి 'మెడ' యనియు రూపము లెట్లు పుట్టవో కోయునుండి 'కొడ' యనునదియు నట్లే పుట్టదు. పైఁగా 'వలి' యను మిగిలిన భాగమునకు నీ పక్షమున నర్థమే లేదు. ధ్వనిసామ్యముచేతను, కోఁతకుఁ గొడవలికిఁ గల నిత్యసంబంధముచేతను ఈ యూహ జనుల మనస్సున నాటుకొన్నది. పదమునుఁ దెలిసిన క్రియతో ముడిపెట్టి యర్థము చెప్పుకొనుట జనస్వభావము. దానిని శాస్త్రముగా నంగీకరించుట మాత్రము తగదు.

కుఠారపక్షము పండితులకుఁ బ్రియమైనది. ఠకారము డకారమగుట, రేఫము లకారమగుట ప్రాకృతములలో దృష్టములే. కాని యీ సామగ్రిచే సాధింపఁగలిగినచో సాధింపవలసినది గొడ్డలిని గాని కొడవలిని గాదు. గొడ్డలికిఁ దమిళమునఁ గోటాలి, కన్నడమునఁ గొడలి యని రూపములు గలవు. వానికిఁ గుఠారమునకుఁ గల సంబంధము వేఱు చర్చనీయాంశము. కొడవలి మాట వచ్చునప్పటికి నడుమనున్న వకారమునకు కుఠారమున మూలము దొరకదు. అర్థమును జూచినను నీ రెండు పనిముట్లకు జాతిభేదమున్నది. గొడ్డలి మీఁదినుండి పడి వ్రేయునది. కొడవలి తనవైపునకు లాగి కోయునది. చెవికి దగ్గఱగా నున్నవను కారణమున రెంటిని నొకే మూలమున ముడివేయఁజనదు.

సోదరభాషల సాక్ష్యమును గైకొన్నచో మార్గము తేటపడును. తమిళమలయాళములలోఁ గొడువాళ్ అను పదమున్నది. కొమ్మలు నఱకుటకును, కట్టెలు చీల్చుటకును వాడు పెద్ద వంకరకత్తి దాని యర్థము. తమిళమునఁ గొడు అనఁగా వంకరయైనది. వాళ్ అనఁగాఁ గత్తి. పంటకోయు కొడవలిని మాత్రము తమిళు లరివాళ్ అందురు. అరి యనఁగాఁ గోయుట. కన్నడమున కొడవలికిఁ గుడుగోలు అని పేరు. కుడు అనఁగా నక్కడను వంకరయే. కన్నడమున వాళ్ అనుదానికి బాళ్ అని రూపము. మన వాకిలి వారికి బాగిలు అయినట్లే వకారము బకారమైనది. కావున పూర్వపదమునకుఁ దమిళకన్నడములు రెండును, ఉత్తరపదమునకు విశేషించి తమిళమును మనకు సాక్ష్య మిచ్చుచున్నవి.

వాళ్ శబ్దము తెలుఁగున లేనిది కాదు. వాలు అను రూపమునఁ గత్తియను నర్థమునఁ బూర్వకవుల ప్రయోగములం దున్నది, నిఘంటువులును జెప్పుచున్నవి. నేఁడు వాలు అన్నచోఁ జదువరికి నేలయేటవాలో, చూపు వాలుటయో స్ఫురించును గాని కత్తి స్ఫురింపదు. అందుచే కొడవలిలోని యుత్తరపదమును మన చెవి గుర్తింపలేకపోయినది. సంస్కృతకోశములలోని కరవాలశబ్దాంతమును సైత మీ వాళ్ తోఁ బోల్చి విమర్శింపఁదగును. అది ప్రస్తుతము గాదు గాన నింతతో విడుచుచున్నాను.

కొడువాళ్ అనునది కొడవలి యగుటకు వలసిన మార్పులు మూఁడు. మొదటిది, పదాంతమున నికారము చేరుట. కన్నడమున హలంతములైన బాగిల్, నేగిల్ శబ్దములకు మనకు వాకిలి, నాఁగలి యని యికారాంతములు గలవు. కొడవలియు నీ పంక్తిలోనిదే. ఈ యికారము మొదటినుండి యున్నది కాదనుటకు మన వ్యాకరణమే సాక్షి. వాకిలి, నాఁగలి, రోఁకలి, గొడ్డలి మున్నగునవి యౌపవిభక్తికములై వాకిటి, నాఁగటి, రోఁకటి, గొడ్డటి యగుచున్నవి. బహువచనమున వాకిండ్లు, నాఁగండ్లు, రోఁకండ్లు, గొడ్డండ్లు, కొడవండ్లు అగుచున్నవి. ప్రత్యయము పరమగునపుడు లి యను నక్షర మంతయు జాఱి టకారమో డకారమో వెలువడుటకుఁ గారణము, అచట మూలమున లకార ళకారములలో నొక హల్లుండి యది ప్రత్యయపు హల్లుతోఁ గలిసి మాఱుటయే. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున నీ కార్యములను విధించెను. పిల్లలచే వల్లెవేయించు నా విధులలోఁ బూర్వభాషాస్వరూపము దాఁగియున్నదని బోధించు పండితు లరుదు.

రెండవది, వాకారపు దీర్ఘము హ్రస్వమగుట. పదాదియందుఁ గాక నడుమనున్న దీర్ఘము తెలుఁగున హ్రస్వమగుటకు గొడ్డలియే నిదర్శనము. కోటాలి యను తమిళరూపమునందలి దీర్ఘము మనకడ హ్రస్వమైనది. మూఁడవది, నడుమనున్న యుకారము తరువాతి యక్షరమందలి యకారమును బట్టి యకారమగుట. తమిళమునందలి టకారము రెండచ్చుల నడుమ మనకు డకారమగుట నాడు, ఆడు, పాడు మున్నగువానియందుఁ బ్రసిద్ధము. ఈ మార్పులలో నొక్కటియుఁ గొడవలికొఱకై క్రొత్తగాఁ గల్పించినది కాదు. అన్నియు నితరత్ర దృష్టములు.

కావునఁ గొడవలి యనఁగా వంకరకత్తి. కొడుదియు వాలునైనది కొడవలి, కర్మధారయము. ఇచట నొక శంక కలుగును: తమిళమలయాళములలో నఱకుకత్తికిఁ జెల్లు పేరు తెలుఁగునఁ బంటకోయుదానికి నెట్లు చెల్లినది? దీనికి సమాధానము రాయలసీమలోని వేటకొడవలి. వేటకొడవలి పంటకోయునది కాదు. పిడి పొడవుగను, అలుగు బరువుగను నుండి నఱకుటకు వాడఁబడునది. కేవలము కొడవలి యన్నప్పుడు కోఁతకత్తియే స్ఫురించుచున్నను, సమాసమునఁ బూర్వార్థము చెక్కుచెదరక నిలిచియున్నది. ప్రత్యేకపదమున నర్థము మాఱినను సమాసమునఁ బ్రాఁతయర్థము నిలుచుట భాషలలో సహజము. దీనికి మన చేతిపనిముట్లలోనే వేఱొక యుదాహరణము గలదు. తమిళమున పారై యన్నను కన్నడమున హారె యన్నను త్రవ్వుటకు వాడు పొడవైన యినుపకడ్డి. తెలుఁగునఁ బార యనఁగా మన్ను తీయు వెడల్పు పనిముట్టైనది. కాని గడ్డపార యన్నచో మనకు నా యినుపకడ్డియే. పారకు గడ్డపార యెట్లో, కొడవలికి వేటకొడవలి యట్లే పూర్వార్థమునకు సాక్షి.

వస్తుస్వరూపమును జూచినను నిదియే సమంజసము. కోఁతగాఁడు ఎడమచేత దంటులను గూర్చి పట్టి, కుడిచేతఁ గొడవలిని మొదళ్లకుఁ జుట్టి తనవైపునకు లాగును. అలుగునందలి వంపు దంటులను జెదరనీయక లోపలికిఁ దెచ్చును; కక్కు, అనఁగా నంచునఁ గొట్టించిన సన్నని పండ్లు, వానిని జాఱనీయక కోయును. తిన్నని కత్తితో నీ పని సాగదు. అనేకవిధములైన కత్తులలో దీనిని వేఱుపఱచు లక్షణము వంపు. కోయుట కత్తులన్నింటికిని సామాన్యము. సామాన్యధర్మముచేఁ బేరిడుటకంటె నసాధారణధర్మముచేఁ బేరిడుట లక్షణజ్ఞులకు సమ్మతము గదా. క్రియనుబట్టి పేరిడిన సంస్కృతమున కొక న్యాయము, ఆకారమునుబట్టి పేరిడిన తెలుఁగున కొక న్యాయము. ఈ చూపు మన భాషకుఁ గొత్తది కాదు. చంద్రరేఖను నెలవంక యని చెప్పుకొన్నదియు నీ భాషయే. దక్షిణాపథమునందలి బృహచ్ఛిలాసమాధులలో నితరాయుధములతోఁ బాటు ఇనుపకొడవండ్లును దొరకుచున్నవి. ఈ వస్తువు పరదేశమునుండి పేరుతోఁ గూడ దిగుమతియైనదని తలఁపఁ బనిలేదు.

ఇచట నొక హెచ్చరిక యవసరము. పిఠాపురమునకు సమీపమునఁ గొడవలి యను గ్రామమున్నది. అచటి కొండపైఁ బ్రాచీన బౌద్ధస్థలమును, శాతవాహనరాజగు చండసాతియొక్క ప్రాకృతశాసనమును గలవు. ఇంత పురాతనస్థలమునకుఁ బనిముట్టు పేరే యున్నదని సంతోషించి, కొడవలిశబ్దము శాతవాహనకాలమునాఁటిదని సిద్ధాంతము చేయుట కెవరికైన నుత్సాహము కలుగవచ్చును. స్థలము ప్రాచీనమగుటచే నేఁటి యూరిపేరును నంతప్రాచీన మగునను నియమము లేదు. అక్షరసామ్యమాత్రమున నర్థసామ్యమును సిద్ధింపదు. కోయునది కొడవలి యను దోషమును బైని ఖండించిన మనమే యా దోషమును జరిత్రయందుఁ జేయరాదు.

ఒక పనిముట్టు పేరునకై యింతటి ప్రయాస మేల యని యడుగవచ్చును. తత్సమ తద్భవ దేశ్య గ్రామ్యములను విభాగము మనవారు చేసినదే. మచిలీపట్టణమునకుఁ జెందిన మామిడి వేంకటార్యుని యాంధ్రదీపికయందలి యా విభాగమును జూపుచు, ఎల్లిసు దొర 1816లో వెలువడిన కాంబెలు తెలుఁగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికాలేఖనమునఁ దెలుఁగు ధాతువులు సంస్కృతధాతువులనుండి పుట్టినవి కావనియు, తమిళకన్నడములతోఁ గూడ వేఱొక కుటుంబమునకుఁ జెందినవనియు నిరూపించెను. కాల్డువెలు 1856లోఁ దన ద్రావిడభాషల తులనాత్మకవ్యాకరణమున దానిని విస్తరించెను. బరో, ఎమెనో పండితులు 1961లో ద్రావిడవ్యుత్పత్తినిఘంటువును, 1984లో దాని రెండవ కూర్పును బ్రకటించిరి. ఇంత జరిగినను బాఠము చెప్పు చోట, దేశ్యమనఁగా మూలము చెప్పనలవి కానిదను భావ మింకను బోలేదు. సంస్కృతమూలము దొరకినచోఁ దద్భవమని గౌరవించుటయు, దొరకనిచో రూఢి యని విడుచుటయు మన యభ్యాసమైనది. దేశ్యమునకును బ్రకృతిప్రత్యయములు గలవు, సమాసములు గలవు, పరిణామనియమములు గలవు. పాణినీయమునఁ గృషిచేసినవానికి నీ విచార మపరిచితము కాదు. చేయవలసిన దెల్ల నా పరిశ్రమను మన నేలమీఁది మాటలయందును వినియోగించుటయే. కొడవలిని బట్టి విద్యార్థికిఁ గర్మధారయమును, ఔపవిభక్తికకార్యమును, సోదరభాషాసంబంధమును ఒక్కనాఁడే బోధింపవచ్చును.

దీనికిఁ గాలపరిమితియు నున్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమివారు మాండలికవృత్తిపదకోశ ప్రథమసంపుటమును, వ్యవసాయపదములను గూర్చి, ప్రకటించిరి. 1971లో చేనేతపదముల సంపుటము వెలువడినది. పల్లెపల్లెకుఁ బోయి పనివారినోటనుండి పదములు సేకరించి కూర్చిన యీ కోశములు మనకు మార్గదర్శకములు. నేఁడు వరికోఁతకు యంత్రములు వచ్చినవి. యంత్రము దిగిన మడిలోఁ గొడవలికిఁ బనిలేదు. కొడవలికిఁ బనిలేనిచోట కక్కునకుఁ బనిలేదు. కోసి వరుసగాఁ బఱచిన ఓదెలు, వానిని గూర్చిన పనలు, కోఁత ముగిసినపిదప బీదలు ఏఱుకొను పరిగె, ఇవి యొక్క కొడవలి చుట్టునుం బుట్టిన పదములు. పనిముట్టు మూలఁబడిన కొలఁది వీని నెఱిఁగినవారును దఱుగుచున్నారు. పదము పోయినచోఁ బోవునది యొక పేరు మాత్రమే కాదు. కొడు, వాలు వంటి పూర్వశబ్దములకు మిగిలిన కడపటి యాధారము పోవును. కావ్యములను బరిష్కరించినట్లే యీ పదములను సయితము పండితులు పరిష్కరింపవలసియున్నది. తాళపత్రము శిథిలమైనను వేఱొక ప్రతి దొరకవచ్చును. పనివానినోటి మాటకుఁ బ్రత్యంతరము లేదు.

కొడవలివలెనే పలుగు, గునపము, బాడిస, ఉలి మున్నగు పనిముట్ల పేళ్లును విచారమునకుఁ గాచికొనియున్నవి. ఆయా ప్రాంతముల పాఠశాలలందున్న పండితులు తమ యూరి రైతులను, కమ్మరులను, వడ్రంగులను నడిగి, వస్తువును జేతఁ బట్టి చూచి, యేయే యవయవమున కే పేరున్నదో, యే సమాసమున నే యర్థము నిలిచియున్నదో వ్రాసియుంచినచో భాషకు మహోపకార మగును. యాస్కపతంజలులు దాత్రమునకుఁ జూపిన యాదరమును మనము కొడవలికిఁ జూపుట యుచితమని విద్వాంసులకు విన్నవించుచున్నాను.